మే నెలలో చాక్లెట్ కేక్

చాక్లెట్ లేయర్ కేక్ చల్లటి దేశాల వంట. దాని మీద వచ్చిన పుస్తకాలు చాలావరకు వంటిల్లు 20 డిగ్రీల దగ్గర ఉంటుందన్న లెక్కతో రాసినవే. వెన్నని ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టమంటాయి. విజయవాడలో మే నెలలో వెన్నని కాసేపు బయట పెడితే గిన్నెలో మిగిలేది నూనె. బయట 44 డిగ్రీలు, వంటింట్లో పొయ్యి వెలిగించకముందే 36. అలాంటి ఊళ్ళో, అలాంటి నెలలో నాలుగు పొరల చాక్లెట్ కేక్‌ని మైదా జల్లించడం దగ్గర్నుంచి ఇంట్లోనే చేసి, అంచు జారకుండా బల్ల మీదికి తేవడం మామూలు పని కాదు. మా వదినకి ఆ పని వచ్చు. ఆమె కూతురు పుట్టింది మే మూడో వారంలో. కాబట్టి ఏటా ఈ కేక్ తయారయ్యేది సరిగ్గా రోహిణి కార్తె ముందు రోజుల్లోనే.

పక్కన కూర్చుని ఆ పనంతా చూశాక నాకు తెలిసిందేమంటే, ఈ కేక్‌కి కొలతలు సగమే. మిగతా సగం ఏది ఎప్పుడు ఎంత వేడిగా ఉండాలి, ఎంతసేపు చల్లారాలి అన్న ఎరుక. ఆ ఎరుక ఎక్కడెక్కడ పనిచేస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటి తెలివి వెన్నని వదులుకోవడంలో ఉంది. పాతకాలపు పద్ధతిలో వెన్నా పంచదారా కలిపి బాగా గిలకొట్టాలి. పంచదార పలుకులు వెన్నని చీల్చుకుంటూ పోయి గాలి బుడగలు నింపుతాయి, కేక్ పొంగడానికి అవే ఆధారం. కానీ వెన్న 18, 20 డిగ్రీల దగ్గర ఉంటేనే ఆ బుడగల్ని పట్టి ఉంచగలదు. అంతకన్నా మెత్తబడితే బుడగలు పగిలిపోతాయి. అందుకని వదిన సన్‌ఫ్లవర్ నూనె వాడుతుంది, పొంగించే పని వంటసోడాకీ పెరుగుకీ అప్పగిస్తుంది. దీనివల్ల ఇంకో లాభం ఉంది. మే నెలలో కేక్ ఫ్రిజ్‌లోనే ఉండాలి. వెన్నతో చేసిన కేక్ ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, ఎందుకంటే లోపలి వెన్న గడ్డ కడుతుంది. నూనె ఫ్రిజ్‌లో కూడా నూనెగానే ఉంటుంది, కేక్ మెత్తదనం పోదు. మన వాతావరణానికి ఇదే సరైన పద్ధతని నా నమ్మకం.

కోకో పొడి ఎంచుకోవడంలోనూ అంతే శ్రద్ధ. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల నీడన, పామాయిల్ తోటల్లో అంతరపంటగా కోకో పండుతుంది. దేశంలో కోకో ఎక్కువగా పండే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో ఉన్న గింజల్ని అయిదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరితే వచ్చే ముద్దలో సగానికి పైగా కొవ్వే. ఆ కొవ్వుని పిండేసి, మిగిలిన పిప్పిని పొడి చేసే మరపద్ధతి 1828లో హాలండ్‌లోని వాన్ హౌటెన్ కుటుంబం నుంచి వచ్చింది. ఆ పొడికి క్షారం కలిపి పులుపు తగ్గించే పద్ధతి కూడా వాళ్ళదే. అందుకే దానికి డచ్ ప్రాసెస్ కోకో అని పేరు. అది నల్లగా, మృదువుగా ఉంటుంది. క్షారం కలపని మామూలు కోకో కాస్త ఎర్రగా, పుల్లగా ఉంటుంది. వదిన కేక్‌లోకి మామూలు కోకోనే తీసుకుంటుంది. దాని పులుపూ పెరుగు పులుపూ కలిసి సోడాని పనిచేయిస్తాయి. నలుపు కోసం డచ్ కోకో తెచ్చి సోడా అంతే వేస్తే, పులుపు చాలక సోడా మిగిలిపోయి కేక్‌కి సబ్బు రుచి వస్తుంది. డబ్బా మీద అక్షరాలు చదవకుండా కోకో కొనకూడదని ఆమె పట్టుదల.

పని తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలవుతుంది. వంటిల్లు రోజు మొత్తంలో కాస్త చల్లగా ఉండేది అప్పుడే. పైగా మధ్యాహ్నమైతే కరెంటు నమ్మడానికి లేదు, ఓవెన్ లాగే కరెంటుని ఇంట్లో ఇన్వర్టర్ మొయ్యలేదు. కేక్ సగం పొంగాక ఓవెన్ ఆగిపోతే నడుమ కుంగిపోతుంది, మళ్ళీ వేడి చేసినా లేవదు.

ఇక్కడే ఆమె పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఉంది. ఇంట్లో ఉన్నది చిన్న ఓటీజీ. అందులో 8 అంగుళాల టిన్ను ఒక్కటే పడుతుంది. కావలసినవి రెండు కేకులు. పిండి మొత్తం ఒకేసారి కలిపి, సగం ఓవెన్‌లో పెట్టి, మిగతా సగం గట్టు మీద ఉంచితే ఆ రెండో సగంలో సోడా తన పని ముందే ముగించేస్తుంది. పెరుగు తగిలిన క్షణం నుంచే గాలి బుడగలు పుడతాయి కదా. అరగంట ఆగిన పిండి ఓవెన్‌లోకి వెళ్ళేసరికి దాని బలం చాలావరకు ఖర్చయిపోతుంది, రెండో కేక్ మొదటిదానికన్నా పల్చగా వస్తుంది. అందుకని వదిన ఒక్కొక్క టిన్నుకీ వేరుగా తూస్తుంది. మైదా 110 గ్రాములు, పంచదార 160, కోకో 35, అర టీస్పూనుకి కొంచెం పైగా వంటసోడా, అర టీస్పూను బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. ఇవన్నీ రెండుసార్లు జల్లించి రెండు గిన్నెల్లో. ఒక గుడ్డు, 120 మిల్లీలీటర్ల చిలికిన పుల్ల పెరుగు, 60 మిల్లీలీటర్ల నూనె, ఇవి మరో రెండు గిన్నెల్లో. మొదటి టిన్ను ఓవెన్‌లో పాతిక నిమిషాలు గడిపాక రెండోదానికి తడీ పొడీ కలుపుతుంది. రెండు కేకులూ ఒకే ఎత్తుకి వస్తాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఏది ముందు కాలిందో చెప్పలేం.

పంచదార అంత ఎందుకని చాలామంది అడుగుతారు. తీపి ఒక్కటే దాని పని కాదు. పంచదార తడిని పట్టి ఉంచుతుంది, మైదాలో జిగురు బిగియకుండా అడ్డుపడుతుంది. ఆరోగ్యం పేరుతో సగానికి తగ్గిస్తే వచ్చేది తీపి తగ్గిన కేక్ కాదు, పొడిబారిన రొట్టె. తీపి తక్కువ కావాలంటే ముక్క చిన్నది కొయ్యాలి.

చివర్లో పడేది డికాషన్. ఫిల్టర్‌లో దిగిన చిక్కటి డికాషన్‌లో మరుగుతున్న నీళ్ళు కలిపి, టిన్నుకి 120 మిల్లీలీటర్ల చొప్పున సన్నటి ధారగా పోస్తూ కలుపుతుంది. ధార సన్నగా ఎందుకంటే గుడ్డు ఉడికిపోకుండా. వేడి నీళ్ళు తగలగానే కోకో వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది, చాక్లెట్ రుచి అప్పుడే విచ్చుకుంటుంది. కేక్ తిన్నవాళ్ళెవరికీ కాఫీ తెలియదు, చాక్లెట్ ఇంత చిక్కగా ఎలా ఉందని మాత్రం అడుగుతారు. ఇంత నీళ్ళు పడ్డాక పిండి రవ్వదోసె పిండిలా జారుగా తయారవుతుంది. మొదటిసారి చేసేవాళ్ళు ఇది చూసి భయపడి ఇంకో గుప్పెడు మైదా వేస్తారు. వెయ్యకూడదు. అలా జారుగా ఉంటేనే కేక్ లోపల తడి నిలుస్తుంది. ఉండలు పోగానే కలపడం ఆపెయ్యాలి, ఇంకా కలిపితే మైదాలో జిగురు పుట్టి కేక్ సాగుతుంది.

ఓవెన్‌లో పెట్టే ముందు ఆమె ఒక పని చేస్తుంది. పాత తువ్వాలుని మూడంగుళాల పట్టీలుగా చింపి ఉంచుకుంది. ఆ పట్టీని నీళ్ళలో ముంచి, పిండి, టిన్ను చుట్టూ బిగించి పిన్నీసు పెడుతుంది. చిన్న ఓవెన్‌లో టిన్ను గోడలకి వేడి ముందు తగులుతుంది. అంచులు గట్టిపడిపోతాయి, నడుమ పిండి ఇంకా పచ్చిగానే ఉండి పైకి తన్నుకొస్తుంది. అందుకే ఇంట్లో చేసిన కేకులకి బొడ్డు లేచి, పైన పగులు ఇస్తుంది. తడి గుడ్డ ఉన్నంతసేపూ గోడలు మరీ వేడెక్కవు, అంచూ నడుమా కలిసి లేస్తాయి. గుడ్డ కొసలు కడ్డీలకి తగలకుండా లోపలికి మడవడం మాత్రం మరిచిపోకూడదు. ఓవెన్ మరమీద అంకెని కూడా ఆమె నమ్మదు. లోపల చిన్న థర్మామీటర్ వేలాడుతుంటుంది. మరమీద 180 అని ఉంటే లోపల ఎంతుందో చూసుకుని 165కి దించుకుంటుంది.

ఈ వేడి లెక్క ఆమెకి వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చిందనుకుంటాను. ఇళ్ళల్లో ఓవెన్లు లేని రోజుల్లో ఆవిడ ప్రెషర్ కుక్కర్‌లో అడుగున ఇసుక పోసి, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి, సన్న మంట మీద కేక్ చేసేవారు. అంకెలూ లేవు, అద్దం తలుపూ లేదు. వాసన మారడాన్ని బట్టి దించాలి. వదిన కూడా ముప్పయ్యో నిమిషం దాటాక గడియారం చూడదు. పచ్చి పిండి వాసన పోయి, కాల్చిన చాక్లెట్ వాసన తగలగానే తలుపు తీసి నడుమ పుల్ల గుచ్చుతుంది. పుల్లకి రెండు మూడు తడి పలుకులు అంటుకుని రావాలి. పూర్తిగా శుభ్రంగా వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు, ఎందుకంటే బయటికి తీశాక కూడా లోపలి వేడికి కేక్ ఇంకాస్త ఉడుకుతుంది.

"ఒక్క నిమిషం చూద్దాం వదినా, మధ్యలో ఇంకా మెత్తగా ఉంది" అన్నాను నేను.

"ఆ మెత్తదనమే రేపు నీ నోట్లో ఉండేది. తియ్యి" అంది.

పది నిమిషాలు టిన్నులో, ఆ తర్వాత జాలీ మీద గంటన్నర. చేత్తో అడుగుని తడిమి, ఎక్కడా గోరువెచ్చదనం లేదని తేలాకే ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెడుతుంది. వేడి ఉండగా చుడితే ఆవిరి పట్టి పైభాగం జిగటగా అవుతుంది. పిల్లలు తొందరపెట్టినా, బంధువులు వస్తున్నా ఈ ఆగడంలో ఆమె ఒక్క నిమిషం తగ్గించదు. ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉన్న కేక్‌కే కత్తి లొంగుతుంది. అప్పుడే కాలిన కేక్‌ని కోస్తే రజనుగా రాలిపోతుంది.

రెండో రోజు పని వంటింట్లో జరగదు. ఏసీ ఉన్న పడగ్గదిలో, పిల్ల చదువుకునే బల్ల మీద జరుగుతుంది. మన ఊళ్ళలో ఇళ్ళ దగ్గర కేకులు చేసే ఆడవాళ్ళలో చాలామంది ఐసింగ్‌కి పడగ్గదే వాడతారు. గదిని 24 డిగ్రీలకి తెచ్చి, టర్న్‌టేబుల్ పెట్టుకుని, ముందు ఒక్కొక్క కేక్‌నీ అడ్డంగా రెండు పొరలుగా కోస్తుంది. ఈ కోత చూడాలి. కేక్ చుట్టూ సగం ఎత్తులో ఎనిమిది టూత్‌పిక్‌లు గుచ్చుతుంది. పళ్ళున్న పొడవాటి కత్తిని వాటి మీద ఆనించి, మోచేతిని పక్కటెముకలకి అదిమి పెడుతుంది. కత్తి పట్టిన చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడుతుందే తప్ప పైకీ కిందికీ కదలదు. ఎడమ అరచెయ్యి కేక్ మీద పరిచి టర్న్‌టేబుల్‌ని నెమ్మదిగా తిప్పుతుంది. మొదటి చుట్టులో అంగుళం లోతు గీత పడుతుంది. రెండో చుట్టులో ఇంకాస్త లోపలికి. మూడో చుట్టులో కత్తి నడుమకి చేరి, పై పొర విడిపోయినట్టు అరచేతికి తెలుస్తుంది. పొర తీసి చూస్తే వేలి మందాన ఒకే మట్టంగా ఉంటుంది. ఒక్కసారిగా కత్తి దూర్చి అవతలికి లాగేస్తే ఇటు వేలు మందం, అటు కాగితం మందం వస్తాయి. నాలుగు పొరలు పేర్చేసరికి ఆ తేడాలన్నీ కలిసి కేక్ ఒక పక్కకి ఒరుగుతుంది.

పొరల మధ్యకి వెళ్ళేది గనాష్. మంచి డార్క్ చాక్లెట్, క్రీమ్, రెండే వస్తువులు. కేక్ నిలబడ్డా కరిగిపోయినా దీని చేతిలోనే ఉంది. డిసెంబరులో క్రీమ్‌కి ఒకటిన్నర రెట్లు చాక్లెట్ చాలు. మే నెలలో రెండింతలు కావాలి, అంటే 250 గ్రాముల క్రీమ్‌కి 500 గ్రాముల చాక్లెట్. కోకో బటర్ కరిగేది 34 డిగ్రీల దగ్గర, మన ఒంటి వేడికి కాస్త తక్కువలో. నోట్లో చాక్లెట్ కరిగే సుఖం అంతా అందులోనే ఉంది, వేసవిలో చాక్లెట్‌తో పడే బాధా అందులోనే ఉంది. బెజవాడ మధ్యాహ్నం ఆ అంకెని సులువుగా దాటుతుంది.

చాక్లెట్‌ని గింజల్లా సన్నగా తరిగి గిన్నెలో వేసి, క్రీమ్ అంచున బుడగలు కనపడగానే దించి పోస్తుంది. క్రీమ్ తెర్లనివ్వదు. పోశాక రెండు మూడు నిమిషాలు గరిటె పెట్టదు. ఆ తర్వాత నడుమ చిన్న సున్నాలు చుడుతూ కలుపుతుంది. మొదట గిన్నెలో ఉన్నది చూస్తే పాడైపోయిందనిపిస్తుంది, ఒక పక్క తెల్ల నీళ్ళు, ఒక పక్క నల్ల ముద్దలు. నడుమ మాత్రం రూపాయి బిళ్ళంత మేర నిగనిగలాడుతూ కుదురుకుంటుంది. ఆ మెరుపుని చెదరనివ్వకుండా, సున్నాని కొంచెం కొంచెం పెద్దది చేస్తూ గిన్నె అంచు దాకా తీసుకొస్తుంది. కొవ్వూ నీరూ ఒకదాన్నొకటి పట్టుకునేది ఈ కలపడంలోనే. గిలకొడితే గాలి చేరి మెరుపు పోతుంది. వేడి మితిమీరితే కొవ్వు విడిపోయి పైకి తేలుతుంది. అలా విరిగినా ఒక చెంచా గోరువెచ్చని పాలు పోసి మళ్ళీ నడుమ నుంచి మొదలుపెడితే కలుస్తుంది.

తయారైన గనాష్ పూతకి పనికొచ్చేది దాని బతుకులో కొద్దిసేపే. వేడిగా ఉంటే కారిపోతుంది, మరీ చల్లారితే కేక్‌ని పీకేస్తుంది. వదిన దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి అయిదేసి నిమిషాలకోసారి తీసి కలుపుతుంది. గరిటె ఎత్తితే జారకుండా నిలిచి, గరిటె గీసిన గీత గిన్నెలో పూడకుండా ఉన్నప్పుడు చాలంటుంది. ఇందులో థర్మామీటర్ వాడదు.

అడుగు పొర, దాని మీద పంచదార పాకం నీళ్ళు. సమంగా పంచదార, నీళ్ళు కాచి, కాస్త డికాషన్ కలిపినవి. బ్రష్‌తో అంచుల దగ్గర ఎక్కువ, నడుమ తక్కువ, ఎందుకంటే ఓవెన్‌లో అంచే ముందు ఆరుతుంది. ఆపైన గనాష్, మళ్ళీ పొర. చివర పై పొరని తిరగేసి పెడుతుంది, టిన్ను అడుగుకి ఆనుకున్న చదును పైకి వచ్చేలా. అన్నీ పేర్చాక మొత్తానికి పల్చగా ఒక పూత. రాలే పలుకులన్నీ ఆ పూతలో చిక్కుకుంటాయి. దీన్ని క్రంబ్ కోట్ అంటారు. ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే గట్టిపడి కేక్‌కి తొడుగులా నిలుస్తుంది. తర్వాత అసలు పూత. కావలసినదానికన్నా ఎక్కువే పట్టించి, స్క్రేపర్‌ని వేడి నీళ్ళలో ముంచి తుడిచి, నిటారుగా ఆనించి, టర్న్‌టేబుల్‌ని ఆపకుండా ఒక్క చుట్టు తిప్పుతుంది. మధ్యలో ఆపితే అక్కడ గాటు పడుతుంది. పైకి పొంగి నిలిచిన గనాష్ అంచుని పాలెట్ కత్తితో బయటి నుంచి లోపలికి చదును చేస్తుంది, ప్రతి గీతకీ కత్తి తుడుచుకుంటూ. మూల గీత గీసినట్టు వస్తుంది. పైన అలంకారం కూతురి ఇష్టం, అది జెమ్స్ బిళ్ళలతో ముగుస్తుంది. అంత నున్నగా చేసిన పైభాగం మీద ఆ రంగుబిళ్ళలు ఎడాపెడా పడుతుంటే వదిన ఒక్కదాన్ని కూడా సర్దదు. కేక్ ఎవరిదో ఆమెకి తెలుసు.

ఇంట్లో గుడ్డు తినని పెద్దవాళ్ళుంటారు. వాళ్ళకోసం చిన్న టిన్నులో వేరే కేక్ చేస్తుంది, గుడ్డు బదులు ఇంకాస్త పెరుగూ ఒక చెంచా నూనే వేసి. గుడ్డు లేని కేక్ అంటే తక్కువరకం అనుకునేవాళ్ళకి ఒక మాట. బేకింగ్ పౌడర్ 1843లో పుట్టిందే గుడ్డూ ఈస్టూ పడని ఒకావిడ కోసం. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల తయారీదారు తన భార్య తినగలిగే రొట్టె కోసం దాన్ని తయారుచేశాడు. అంతకు ముందే 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి చేశాడు, అదీ ఆవిడకోసమే. మన ఇళ్ళల్లో ఫ్రూట్ సలాడ్‌కి కలిపే కస్టర్డ్ ఆ వరసలో వచ్చిందే.

బేకరీలో దొరికే కూల్ కేక్‌ని నేను తీసిపారెయ్యను. పొద్దున్నుంచి రాత్రి దాకా అద్దాల పెట్టెలో నిలబడాల్సిన కేక్ అది. వనస్పతి జాతి కొవ్వుతో చేసిన క్రీమ్ ఎండకి కారదు, గిలకొడితే చాలా రెట్లు పొంగుతుంది, ధరా అందుబాటులో ఉంటుంది. కాంపౌండ్ అనే చాక్లెట్‌లో కోకో బటర్ ఉండదు, దాని చోట వేరే నూనెల కొవ్వు ఉంటుంది కాబట్టి అదీ అంత సులువుగా కరగదు. కరగకపోవడమే దాని లోపం కూడా. అంగుడికి మైనం అంటుకున్నట్టుంటుంది, చాక్లెట్ రుచి వెనకబడిపోతుంది. వదిన కేక్ ముక్క నోట్లో పెట్టుకుంటే ముందు గనాష్ కరుగుతుంది, తర్వాత తడి పొర విడుతుంది, చివర కోకో చేదు నాలుక వెనక నిలుస్తుంది. ఆ మూడూ వేరువేరుగా తెలియడం నేను తిన్న చాక్లెట్ కేకుల్లో అరుదు. మే నెలలో అయితే ఇంకెక్కడా తినలేదు.

చేసి చూడాలనుకునేవాళ్ళు అంగట్లో చాక్లెట్ కొనేటప్పుడు వెనకవైపు చదవండి. కోకో బటర్ అని ఉంటే తీసుకోండి, హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే గనాష్‌కి వద్దు. కోసే ముందు కేక్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి మే నెలలో పాతిక నిమిషాలు, డిసెంబరులో గంట బయట ఉంచండి, చల్లగా ఉన్న చాక్లెట్‌కి రుచి తెలియదు. కత్తిని వేడి నీళ్ళలో ముంచి, తుడిచి, ముక్క ముక్కకీ మళ్ళీ ముంచండి. మిగిలింది మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలవ ఉంటుంది. పాకం నీళ్ళు పొరల్లోకి పూర్తిగా ఇంకాక, రెండో రోజు ఈ కేక్ మొదటి రోజుకన్నా బాగుంటుంది.